ద్వారబంధం కలప ఎక్కడిదో అడగండి

నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇల్లు కట్టుకుంటున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. తలుపులకూ ద్వారబంధాలకూ కలప వాడితే అడవికి చేటు చేసినట్టు కాదా, దానికన్నా ఇనుమో ప్లాస్టిక్కో మేలు కాదా అని. ఈ సందేహం సామాన్యులది మాత్రమే కాదు. కేంద్ర ప్రజా పనుల శాఖ సైతం 1993లో తన నిర్మాణాల్లో కలప వాడకాన్ని నిషేధించి, 2020లో గాని ఆ నిషేధాన్ని ఎత్తివేయలేదు. మన దేశంలో పరిశ్రమలకు అందుతున్న కలపలో అధికభాగం ఇప్పుడు అడవుల నుంచి కాక రైతుల పొలాల నుంచి వస్తోంది కనుక, ఆ పాత భయాన్ని మరొకసారి పరిశీలించవలసిన అవసరం ఉంది.

ముందుగా కర్బనం సంగతి చూద్దాం. బాగా ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనమే. వంద కిలోల ఎండు కలప తయారు కావడానికి చెట్టు గాలిలో నుంచి సుమారు 180 కిలోల బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఉంటుంది. ఆ తలుపు కాలిపోకుండా, కుళ్ళిపోకుండా ఉన్నంతకాలం ఆ కర్బనం దానిలోనే ఉంటుంది. సిమెంటు విషయం ఇందుకు భిన్నం. బట్టీలో సున్నపురాయిని కాల్చినప్పుడు ఇంధనపు పొగతోపాటు రాయిలోంచి కూడా అదే వాయువు వెలువడుతుంది. అయితే కలపకున్న ఈ గుణం ఒక షరతుకు లోబడి ఉంటుంది: కొట్టిన చెట్టు స్థానంలో మరొక చెట్టు పెరగాలి. ఆ షరతు నెరవేరిందో లేదో చెక్కను చూసి ఎవరూ చెప్పలేరు, అందుకే కలప సరైన పద్ధతిలో పెంచిన చోటు నుంచి వచ్చిందని బయటి సంస్థ తనిఖీ చేసి చెప్పే ధ్రువీకరణ అవసరమైంది.

ప్రపంచంలో ఎక్కువగా వినిపించే ధ్రువీకరణ సంస్థలు రెండు: 1993లో ఏర్పడిన ఎఫ్ఎస్‌సీ (ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్), 1999లో ఏర్పడిన పీఈఎఫ్‌సీ (ప్రోగ్రామ్ ఫర్ ది ఎండార్స్‌మెంట్ ఆఫ్ ఫారెస్ట్ సర్టిఫికేషన్). మన కేంద్ర పర్యావరణ శాఖ కూడా 2023 డిసెంబరులో భారత అటవీ, కలప ధ్రువీకరణ పథకాన్ని ప్రారంభించింది. అడవులతోపాటు అడవి బయట పెరిగే చెట్లు కూడా దాని పరిధిలోకి వస్తాయి. నా దృష్టిలో మన జిల్లాలకు అన్నిటికన్నా పనికొచ్చే అంశం ఇదే.

ధ్రువీకరణ ముద్ర ఉన్నంత మాత్రాన సరిపోదన్న సంగతి కొనేవారు గ్రహించాలి. తోటలో మొదలై, కోత మిల్లు, టోకు వ్యాపారి, అడితి మీదుగా వడ్రంగి దాకా సరుకు చేతులు మారుతుంది. ధ్రువీకరించిన సరుకుగా అమ్మాలంటే మధ్యలో ఉన్న ప్రతి వ్యాపారికీ సొంత ధ్రువపత్రం ఉండాలి, బిల్లు మీద ఆ పత్రం సంఖ్య, అది ఏ తరగతి సరుకో తెలిపే మాట రెండూ ఉండాలి. మధ్యలో ఒక్కరికి పత్రం లేకపోయినా గొలుసు అక్కడితో తెగిపోతుంది. గోడకు తగిలించిన ఫ్రేము చూపించి "మాది సర్టిఫైడ్ సరుకండీ" అంటే నమ్మవద్దు, మీ బిల్లు మీద రాసి ఇమ్మనండి. ఆ సంఖ్యను ఎఫ్ఎస్‌సీ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఆరా తీయకుండా కొంటే ఏమవుతుందో మన వెలిగొండలకు ఎర్రచందనం నేర్పింది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, మన జిల్లాలతోపాటు కడప, చిత్తూరు వైపు కొండల్లో తప్ప మరెక్కడా ఆ చెట్టు సహజంగా పెరగదు. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై దేశాల మధ్య కుదిరిన ఒప్పందం) నియంత్రణలో ఉన్నా దొంగ నరుకుడు ఆగలేదు.

ధ్రువపత్రం ఉన్న విదేశీ దుంగ ఒక్కటే మార్గమని నేను అనను. వేల మైళ్ళు ఓడలో ప్రయాణించి వచ్చిన చెక్క కన్నా, మన ఊరి రైతు గట్టు మీద పెంచిన వేపో టేకో, తగిన అనుమతితో కొట్టినది, ఎన్నో ఇళ్ళకు చాలు. పాత పెంకుటిళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే టేకు తలుపులు, దూలాలు మరీ విలువైనవి. అవి దశాబ్దాలుగా ఎండి ఉన్నాయి, వాటి కోసం కొత్తగా ఏ చెట్టూ కొట్టనక్కరలేదు.

ఇప్పుడు తెర మీద ఒక పాత తాటి దూలాన్ని అడ్డంగా కోసిన మొనను చూస్తున్నారు. అంచు వెంబడి నల్లటి నారగీతలు దట్టంగా అల్లుకొని, కత్తి మొనకు కూడా లొంగనంత గట్టిగా ఉన్నాయి. మధ్యకు వచ్చేసరికి అవి పలచబడ్డాయి, గోరుతో గీరితే పొడి రాలుతోంది. టేకుకు చేవ లోపల ఉంటే తాటికి చేవ అంచున ఉంటుంది. అందుకే మన పెద్దలు ముదురు తాడిని నిలువునా చీల్చి, మెత్తటి నడిమి భాగాన్ని చెక్కేసి దూలాలకూ వాసాలకూ వాడారు. లేత తాడిని వాడితే చెదలకు ఆహారం పెట్టినట్టే.

ధ్రువపత్రం చెప్పని విషయం తేమ. పచ్చి కలపతో చేసిన తలుపు రోహిణి కార్తె ఎండకు బీటలిస్తుంది, కార్తిక మాసపు వానలకు ఉబ్బి బిగుసుకుంటుంది. కోస్తాలో తలుపుల చెక్కకు తేమ సుమారు 14 శాతానికి దిగాక గాని పని మొదలుపెట్టవద్దని చెబుతాను. తేమ మీటరు మీ మేస్త్రి దగ్గర లేకపోతే అడితిలో అడగండి.

చివరగా రైతుల మాట. మన జిల్లాల్లో జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలు విస్తారంగా ఉన్నా, ఆ కర్రలో చాలా భాగం కొద్ది సంవత్సరాలకే కొట్టించి పేపరు మిల్లులకు తరలుతోంది. ధర నిర్ణయం రైతు చేతిలో ఉండదు. ఒక్క ఎకరం ఉన్న రైతు ధ్రువీకరణ ఖర్చు భరించలేడు గాని, పలువురు కలిసి ఒకే పత్రం కిందకు వచ్చే బృంద ధ్రువీకరణ ఈ పథకాల్లో ఉంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు దీన్ని చేపట్టి, కొన్ని చెట్లనైనా ముదిరేదాకా ఉంచి ప్లైవుడ్‌కూ కోత కలపకూ అమ్మగలిగితే, రైతుకు కొనేవారు పెరుగుతారు, ఒంగోలులో ఇల్లు కట్టేవారికి తమ ద్వారబంధం ఏ పొలం నుంచి వచ్చిందో తెలుస్తుంది. మీ ఊళ్ళో అలాంటి సంఘం ఉంటే ఈ విషయాన్ని వచ్చే సమావేశంలో చర్చకు పెట్టమని కోరుతున్నాను.