కడుపు నుంచి మెదడుకు పోయే కబురు

అందరికీ నమస్కారం.

ఆ మధ్య ఒక తల్లి డిగ్రీ చదివే కొడుకును నా దగ్గరికి తీసుకొచ్చింది. సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. ప్రోబయోటిక్ గోళీలు, అంటే మేలుచేసే బ్యాక్టీరియా నింపినవి. "డిప్రెషన్ కడుపులోంచే వస్తుందట కదా డాక్టరుగారూ! మీ మాత్రలు ఆపేసి నెల నుంచి ఇవే వేస్తున్నాను" అంది. పిల్లాడు తల ఎత్తలేదు. ఆ తల్లికి ఆ రోజు చెప్పిన జవాబే ఇప్పుడు మీకూ చెబుతాను.

ఆమె విన్నది ఉత్త పుకారేం కాదు. 2011లో ఐర్లండ్‌లోని కార్క్‌లో జాన్ క్రయన్ అనే శాస్త్రవేత్త బృందం చిట్టెలుకలకు 28 రోజులపాటు ఒక రకం లాక్టోబాసిలస్ బ్యాక్టీరియా పట్టించింది. తర్వాత ఒక్కోదాన్నీ నీళ్లున్న జాడీలో వదిలారు. మామూలు ఎలుక కాసేపు ఈది, ఇక లాభం లేదన్నట్టు కాళ్లాడించడం మానేసి తేలుతుంది. బ్యాక్టీరియా తాగినవి ఇంకా చాలాసేపు ఈదాయి. ఒత్తిడి హార్మోనూ వాటిలో తక్కువే పెరిగింది. అసలు విశేషం ఏమిటంటే, మెదడుకూ పేగులకూ మధ్యనున్న వేగస్ నరాన్ని కోసేసిన ఎలుకల్లో ఈ మార్పు కనిపించలేదు. కబురు ఆ నరం మీదుగానే పోతోందన్నమాట. అందులోని పోగుల్లో ఎక్కువ భాగం కింది సంగతులు పైకి మోసేవే.

అదే బ్యాక్టీరియాను కార్క్‌లోనే 29 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఇచ్చారు. ఎదురుగా ఒకరు కళ్లప్పగించి చూస్తుండగా చన్నీళ్లలో చెయ్యి పెట్టించి ఒత్తిడి కొలిచారు. ఉత్తుత్తి మందుకూ దీనికీ తేడా రాలేదు. 2017లో ఆ సంగతి దాచకుండా అచ్చువేశారు. అందుకు వాళ్లంటే నాకు గౌరవం. సీసా కొన్న ఆ తల్లికి మాత్రం ఈ రెండో కథ ఎవరూ చెప్పలేదు.

2019లో బెల్జియంలో వెయ్యిమందికి పైగా మలం పరీక్షించారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో కోప్రోకాకస్, డయాలిస్టర్ అనే బ్యాక్టీరియాలు తక్కువగా ఉన్నాయి. మందుల ప్రభావాన్ని పక్కనపెట్టి లెక్కగట్టినా అంతే. కానీ దిగులుతో తిండి మారి అవి తగ్గాయా, అవి తగ్గి దిగులొచ్చిందా? ఆ లెక్కలోంచి తేలదు. కోప్రోకాకస్ మనం తిన్న పీచును పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లం తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకు అదే ఆహారం.

అందుకే నాకు గోళీల కంటే కంచం మీదే ఆశ ఎక్కువ. ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా అనే పరిశోధకురాలి బృందం డిప్రెషన్ ఉన్న 67 మందిని రెండు జట్లు చేసి 12 వారాలు చూసింది. పప్పులు, కూరగాయలు, చేపలు, పొట్టు తీయని ధాన్యాలు తిన్న జట్టులో 32 శాతం తేరుకున్నారు. అప్పుడప్పుడూ కూర్చుని మాట్లాడే తోడు మాత్రమే దొరికిన జట్టులో 8 శాతం. చిన్న పరీక్షే, పేగు బ్యాక్టీరియాను కొలిచిందీ కాదు. పైగా వాళ్లలో చాలామంది మందులో కౌన్సెలింగో మానకుండానే తిండి మార్చుకున్నారు. ఆ తల్లికి ఈ ముక్క రెండుసార్లు చెప్పాను.

పిల్లాడికి మాత్రలు మళ్లీ మొదలుపెట్టాను. పెరుగన్నం, ఆకుకూర పప్పు, జొన్నరొట్టె పెట్టమన్నాను.

ఇక మీరు అడగండి. ఇంట్లో ఎవరైనా ఇలాగే మాత్రలు ఆపేసి ఉంటే, ముందు వాళ్ల సంగతి చెప్పండి.