పీలికలతో చేసిన మనవడు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెప్పే పని నాకు ముందు మాట్లాడినవారు పూర్తి చేశారు, నేను విషయానికి వస్తాను. ఆహ్వానపత్రంలో నా అంశం ‘సమకాలీన ఫ్రెంచి నవల’ అని వేశారు. ఇరవై నిమిషాల్లో అది నా తరం కాదు. ఒక్క రచయిత గురించి చెబుతాను. ఒక్కరు అనడమూ సరికాదేమో, వినండి.

ఆంత్వాన్ వొలొదీన్. అది కలం పేరు. రష్యన్ భాష బోధించిన మనిషి. 1985లో తొలి నవల వస్తే సైన్స్ ఫిక్షన్ వరుసలో వేశారు. తన రాతలకు ‘పోస్ట్ ఎగ్జొటిజం’ అని తనే పేరు పెట్టుకుని, 1998లో ఆ పేరుతోనే ఒక పుస్తకం రాశాడు. అందులో లుట్జ్ బాస్‌మన్ అనే ఖైదీ రచయిత జైలు గదిలో ఒంటరిగా చనిపోతుంటాడు. సహచరులు అప్పటికే పోయారు. సరే, కల్పన. కానీ 2008లో అదే లుట్జ్ బాస్‌మన్ పేరుతో నిజంగా పుస్తకాలు వెలువడ్డాయి! మాన్యుయెలా డ్రేగర్ పేరుతో పిల్లల పుస్తకాలూ ఉన్నాయి. అన్నీ ఆ ఒక్క చేతి రాతే.

నాకు ఇష్టమైనది 1999లో వచ్చిన ‘దెజాంజ్ మినర్’, అంటే ‘చిన్న దేవదూతలు’. 49 చిన్న ఖండికలు. ఒక్కో ఖండికను ఆయన ‘నర్రా’ అంటాడు. నవ్వకండి, మనకది ఇంటిపేరని నాకూ తెలుసు. ప్రతి నర్రాకూ ఒక మనిషి పేరే శీర్షిక.

కథ ఇది. విప్లవం ఓడిపోయింది. చావులేని ముసలమ్మలు కొందరు ఒక వృద్ధాశ్రమంలో మిగిలారు. లోకాన్ని నిలబెట్టడానికి గుడ్డపీలికలు పోగుచేసి ఒక మనవడిని తయారుచేస్తారు. వాడు విల్ షైడ్‌మన్. పెద్దవాడై ఏం చేశాడు? పెట్టుబడిదారీ విధానాన్ని తిరిగి తెచ్చాడు! వాడిని స్తంభానికి కట్టి తుపాకులు ఎత్తారు. వాడు రోజుకొక నర్రా చెబుతూ పోయాడు, కాల్చడం ఆగిపోయింది.

మా నాయనమ్మ పాత చీరలు చింపి బొంతలు కుట్టేది. ఏ పీలిక ఎవరి చీరదో చెబుతూ కుట్టేది, చనిపోయినవాళ్లవి కూడా. ఈ పుస్తకం చదివినప్పుడల్లా ఆ సూది కనబడుతుంది. ఇది విషయానికి సంబంధం లేనిదే, అయినా చెప్పాలనిపించింది.

ఇక నా బాధ. ఆరు నర్రాలు తెలుగు చేసి ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు తిప్పి పంపుతూ, ‘ఇది రేపు జరగబోయేదా, నిన్న జరిగిపోయిందా తేల్చండి’ అని రాశాడు. అయ్యా, తేలకపోవడమే ఇందులోని రాజకీయం! రేపటి గురించి హెచ్చరించే నవలలు చాలా ఉన్నాయి. ఇక్కడ రేపు కూడా ఓడిపోయినవాళ్ల జ్ఞాపకమే. 2014లో ఫ్రాన్సులో మెదిసిస్ అనే సాహిత్య బహుమతి పొందిన ఆయన నవల ‘తెర్మినుస్ రాద్యో’లోనూ అంతే. రెండో సోవియట్ యూనియన్ కూలిపోయింది, అణు రియాక్టరు భూమిలోకి కుంగిపోయింది, ఒక ముసలమ్మ దానికి మేత వేస్తున్నట్టు చెత్త పడేస్తూ కబుర్లు చెబుతుంటుంది. మళ్లీ ముసలమ్మే, చూశారా!

చీటీ వచ్చింది, ముగిస్తాను. ఇప్పటికి పదకొండు నర్రాలు తెలుగులోకి వచ్చాయి, ముప్ఫై ఎనిమిది మిగిలాయి. నాకు కంటిచూపు తగ్గుతోంది. ఈ సభలో ఫ్రెంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వెళ్లిపోకండి, టీ బల్ల దగ్గర ఉంటాను.