ప్రిఫిక్స్ ఎక్కడ ఆగిందో చూపించే ఫైర్‌వాల్ బాక్స్: మూడు వారాలు వాడాక నా రివ్యూ

నమస్తే అండీ. టేబుల్ మీద కనిపిస్తున్న ఈ నల్ల బాక్స్‌ను కంపెనీ వాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపించారు. తిరిగి ఇవ్వక్కర్లేదన్నారు. వీడియో కోసం డబ్బులు ఇవ్వలేదు, ముందుగా చూపించమనీ అడగలేదు. మోడల్ పేరు స్క్రీన్ మీద ఉంది. ప్రాసెసర్ ఏంటి, పోర్టులెన్ని, స్పీడెంత అనేవి మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి పోను. మూడు వారాలుగా నా ఇంటర్నెట్ మొత్తం దీని మీదే నడుస్తోంది. ఈ మూడు వారాల్లో నేను రోజూ తెరిచింది ఒక్కటే పేజీ. ఈ వీడియో చాలా వరకు దాని గురించే.

ఆ పేజీ పేరు ప్రిఫిక్స్ స్టేటస్. ఇదిగో, చూడండి. పైన మా ప్రొవైడర్ నుంచి వచ్చిన ఐపీవీ6 ప్రిఫిక్స్, అంటే మన అడ్రస్‌లన్నిటికీ ఉమ్మడిగా ఉండే ముందు భాగం, స్లాష్ 56. దాని కింద చెట్టు కొమ్మల్లా నా నెట్‌వర్క్‌లు. ఇంటి వైఫై, ల్యాబ్, కెమెరాలు, ఒక్కోదానికి ఒక్కో స్లాష్ 64. ఏది ఏ ఇంటర్‌ఫేస్‌కి వెళ్లింది, ఇంకా ఎంతసేపు చెల్లుతుంది, అన్నీ ఒకేచోట ఉన్నాయి. పక్కన ఇంకో కాలమ్ ఉంది: మనం అడిగింది ఎంత, వచ్చింది ఎంత. ఈ ఒక్క కాలమ్ లేక నేను ఎన్ని రాత్రులు పోగొట్టుకున్నానో చెప్తాను.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. ఐపీవీ6 అంటే ఇంటర్నెట్ అడ్రస్‌ల కొత్త పద్ధతి, ఐపీవీ4 పాతది. ఐపీవీ6లో అడ్రస్ 128 బిట్లు. ప్రొవైడర్ మనకు స్లాష్ 56 ఇచ్చాడంటే మొదటి 56 బిట్లు వాళ్లవి. 64 దాకా మిగిలిన 8 బిట్లు మన చేతిలో ఉంటాయి, అంటే 256 నెట్‌వర్క్‌లు చేసుకోవచ్చు. చివరి 64 బిట్లు ఫోనో ల్యాప్‌టాపో తనకు తానే తయారుచేసుకుంటుంది. స్లాష్ 60 ఇస్తే 16 నెట్‌వర్క్‌లే. స్లాష్ 64 ఇస్తే ఒక్కటే. రెండో వీల్యాన్ (ఒకే రౌటర్ మీద విడిగా నడిచే నెట్‌వర్క్) పెట్టగానే దానికి ఇవ్వడానికి ఏమీ మిగలదు.

ఇక నా పాత రౌటర్ సంగతి. అందులో మూడు వీల్యాన్‌లు ఉండేవి, 10, 20, 30. ఆ 256 నెట్‌వర్క్‌లలో ఏది ఏ వీల్యాన్‌కో చెప్పే అంకెను ప్రిఫిక్స్ ఐడీ అంటారు. గుర్తుండటానికి ఆ ఐడీలు కూడా 10, 20, 30 అనే ఇచ్చాను. చాలామంది అలాగే చేస్తారు. అయితే ఆ గడిలో రాసే అంకె హెక్సాడెసిమల్, పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించేది; తొమ్మిది తర్వాత ఏ నుంచి ఎఫ్ వరకు, ఎఫ్ అంటే పదిహేను. అంటే 10 అని రాస్తే అది పదహారు, 20 అంటే ముప్పై రెండు, 30 అంటే నలభై ఎనిమిది. స్లాష్ 56 ఉన్నంతకాలం 256 గదులు ఉన్నాయి కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. ఒకరోజు ప్రొవైడర్ వైపు ఏదో మార్చారు, నాకు స్లాష్ 60 రావడం మొదలైంది. గదులు పదహారే, సున్నా నుంచి పదిహేను వరకు. నేను అడిగిన పదహారు, ముప్పై రెండు, నలభై ఎనిమిది అందులో లేనే లేవు. మూడు వీల్యాన్‌లకూ ప్రిఫిక్స్ పోయింది. రౌటర్ ఎర్ర లైటు వెలిగించలేదు, లాగ్‌లో ఒక్క లైను రాయలేదు. వాన్ (ప్రొవైడర్ వైపు కనెక్షన్) స్టేటస్ చూస్తే "కనెక్టెడ్" అని పచ్చగానే ఉంది.

ఇంకా బాధ ఏంటంటే, ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు. బ్రౌజర్లు ఐపీవీ6, ఐపీవీ4 రెండిటినీ ప్రయత్నించి ఏది ముందు అందితే దాన్ని వాడుకుంటాయి. హ్యాపీ ఐబాల్స్ అంటారు, 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8305 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉంది. వాడేవాళ్లకు అది మంచిదే. తప్పు వెతికేవాళ్లకు మాత్రం అన్నీ ఐపీవీ4 మీద నడుస్తుంటే ఐపీవీ6 పోయిందన్న ఆనవాలే దొరకదు. బయట నుంచి నా సర్వర్‌కి లాగిన్ అవ్వబోయి కుదరక, అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. రెండు రాత్రులు ఫైర్‌వాల్ రూల్స్ మీదే పడ్డాను. ఒక్కో రూల్ తీసి, పెట్టి, రీబూట్ చేసి చూశాను. తప్పు అక్కడ లేనే లేదు.

ఈ బాక్స్‌లో అదే పరిస్థితిని కావాలని తెచ్చి చూశాను. ప్రొవైడర్‌ని స్లాష్ 60 అడిగేలా మార్చి, ల్యాబ్‌కి ఐడీ 20 పెట్టాను. సేవ్ నొక్కకముందే గడి ఎర్రగా మారింది. "ఈ ఐడీ వచ్చిన ప్రిఫిక్స్‌లో పట్టదు, ఎఫ్ వరకే ఇవ్వొచ్చు" అన్న అర్థంలో మెసేజ్ వచ్చింది. పక్కనే మనం రాసిన అంకె దశాంశంలో ఎంత అవుతుందో కూడా చూపించింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డానండీ, నిజంగా. ఎన్నో ఏళ్లుగా ఒక రౌటర్ నుంచి నేను కోరుకున్నది ఈ ఒక్క ఎర్ర గడే.

అడిగింది ఎంత, వచ్చింది ఎంత అనే కాలమ్ దగ్గరికి మళ్లీ వస్తాను. మన రౌటర్ డీహెచ్‌సీపీవీ6 (ప్రొవైడర్ సర్వర్‌ని అడ్రస్‌లు, ప్రిఫిక్స్‌లు అడిగే పద్ధతి) ద్వారా ప్రిఫిక్స్ అడిగేటప్పుడు నాకు ఇంత కావాలని ఒక సూచన పంపొచ్చు. దాన్ని హింట్ అంటారు. సూచన లేకపోతే కొందరు ప్రొవైడర్లు ఒక్క స్లాష్ 64 ఇచ్చి ఊరుకుంటారు. స్లాష్ 56 అని అడిగితే అదే ఇస్తారు. అలాంటప్పుడు నేరుగా ఫోన్ చేసి గొడవపడక్కర్లేదు, ముందు హింట్ మార్చి చూడండి. మార్చిన వెంటనే ఫలితం రాకపోవచ్చు. అవతలి సర్వర్ మన డ్యూయిడ్‌ని, అంటే రౌటర్ గుర్తింపు నంబర్‌ని, గుర్తుపెట్టుకుని పాత లీజ్ (ప్రిఫిక్స్‌ను మనకిచ్చిన గడువు) ముగిసేదాకా పాత ప్రిఫిక్సే ఇస్తూ ఉండొచ్చు. సెట్టింగ్ పనిచేయలేదని చాలామంది వెనక్కి మార్చేసేది ఇక్కడే. ఈ బాక్స్‌లో ఉన్న లీజ్‌ను వదిలేసి మళ్లీ అడగడానికి వేరే బటన్ ఉంది. పాత రౌటర్ డ్యూయిడ్‌ని ఇందులో రాసుకోవచ్చు కూడా. నేను అలాగే చేశాను. రౌటర్ మార్చినా ప్రిఫిక్స్ మారలేదు.

అదే పేజీలో కింద ప్రిఫిక్స్ కోసం రౌటర్, సర్వర్ మధ్య నడిచే నాలుగు మెసేజ్‌ల వరస ఉంటుంది: సొలిసిట్ (మన పిలుపు), అడ్వర్టైజ్ (సర్వర్ జవాబు), రిక్వెస్ట్ (మనం కోరడం), రిప్లై (సర్వర్ ఇవ్వడం). ఎక్కడ ఆగిందో అక్కడ గుర్తు పడుతుంది. ఇది ఎందుకు ముఖ్యమో ఇంకో అనుభవం చెప్తాను. ఒకసారి ఒక స్నేహితుడి ఫైర్‌వాల్‌లో సొలిసిట్ వెళ్తోంది, జవాబు మాత్రం కనిపించడం లేదు. ప్రొవైడర్ తప్పే అని ఇద్దరం తీర్మానించుకున్నాం. చివరికి వాన్ పోర్టు మీద టీసీపీడంప్ (ప్యాకెట్లు పట్టి చూపించే టూల్) పెట్టి చూస్తే అడ్వర్టైజ్ చక్కగా వస్తోంది. మన ఫైర్‌వాలే దాన్ని పారేస్తోంది.

కారణం ఇది. మనం సొలిసిట్ పంపేది ఒక మల్టీకాస్ట్ అడ్రస్‌కి, అంటే ఒకేసారి చాలామందికి చేరే అడ్రస్‌కి. జవాబు వచ్చేది సర్వర్ లేదా రిలే (మధ్యలో మెసేజ్ అందించేది) తాలూకు లింక్ లోకల్ అడ్రస్ నుంచి, అంటే ఆ ఒక్క లింక్‌లోనే పనిచేసే అడ్రస్ నుంచి. బయటికి వెళ్లిన ప్యాకెట్‌కి ఇది జవాబు అని ఫైర్‌వాల్ పోల్చుకోలేదు, ఎందుకంటే పంపిన అడ్రస్ వేరు, జవాబిచ్చిన అడ్రస్ వేరు. అందుకని ఈ జవాబులు వచ్చే యూడీపీ 546 పోర్టుకి, లింక్ లోకల్ అడ్రస్‌ల నుంచి వచ్చేవాటిని అనుమతించే రూల్ విడిగా ఉండాలి. చాలా రౌటర్లలో అది ముందే ఉంటుంది. సొంతంగా రూల్స్ రాసుకునేవాళ్లు "బయట నుంచి వచ్చేదంతా ఆపు" అని మొదటి లైన్‌లో పెట్టుకుని ఈ ఒక్కటి మర్చిపోతారు. ఈ బాక్స్‌లో ఆ రూల్ తీసేసి చూశాను. అడ్వర్టైజ్ దగ్గర గుర్తు పడి "ప్యాకెట్ వచ్చింది, ఫలానా రూల్ ఆపింది" అని రూల్ నంబర్‌తో సహా చూపించింది. స్నేహితుడికి ఫోన్ చేసి చెప్పాను.

ఐసీఎంపీవీ6, అంటే నెట్‌వర్క్ తన ఇబ్బందులను తెలిపే మెసేజ్‌ల విషయంలో కూడా డిఫాల్ట్ బాగుంది. ప్యాకెట్ టూ బిగ్ మెసేజ్‌ను ఆపడం లేదు. ఐపీవీ6లో మధ్య రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు, పెద్దదైతే ఈ మెసేజే వెనక్కి పంపుతాయి. దాన్ని ఆపేస్తే పింగ్ వస్తుంది, చిన్న పేజీలు తెరుచుకుంటాయి, పెద్దవి మాత్రం సగంలో నిలిచిపోతాయి. ఐసీఎంపీ మొత్తం ఆపడం సెక్యూరిటీ అనుకునే పాత అలవాటును దయచేసి ఐపీవీ6లోకి తీసుకురాకండి.

రూల్స్ రాసే తీరు కూడా నాకు నచ్చింది. ఇంట్లో నాకొక సర్వర్ ఉంది, దాని అడ్రస్ చివర ఎప్పుడూ 25. పాత రౌటర్‌లో రూల్ రాయాలంటే పూర్తి అడ్రస్ ఇవ్వాలి, ప్రిఫిక్స్‌తో కలిపి. ప్రిఫిక్స్ మారిన రోజు ఆ రూల్ ఎవరికీ చెందని అడ్రస్‌ను కాపలా కాస్తూ ఉంటుంది. ఇందులో నెట్‌వర్క్ పేరు ఎంచుకుని, వెనక 64 బిట్లు మాత్రం ఇస్తే చాలు, ముందు భాగం దానంతట అదే మారుతుంది. ఓపెన్‌వర్ట్ (రౌటర్లలో వేసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) వాడినవాళ్లకు ఇది కొత్త కాదు, అందులో మాస్క్ దగ్గర మైనస్ 64 అని రాసే పద్ధతి ఉంది. రెడీమేడ్ బాక్స్‌లో ఇంత సులువుగా ఇవ్వడం మాత్రం నేను మొదటిసారి చూశాను.

ఇప్పుడు కోపం తెప్పించిన సంగతి. మొదటి వారంలో ఒక అప్‌డేట్ వచ్చింది, రీబూట్ అయింది. లేచాక చూస్తే ప్రిఫిక్స్ మారిపోయింది. సరే అనుకున్నాను. మళ్లీ రీబూట్ చేశాను, మళ్లీ మారింది. డ్యూయిడ్ అదే, ప్రొవైడర్ అదే. ప్యాకెట్లు పట్టి చూస్తే తెలిసింది: ఈ బాక్స్ ఆగేముందు ప్రతిసారీ రిలీజ్ మెసేజ్ పంపుతోంది. అంటే "ఈ ప్రిఫిక్స్ నాకొద్దు" అని చెప్పి మరీ ఆగుతోంది. సర్వర్ దాన్ని వెనక్కి తీసుకుని, లేచాక కొత్తది ఇస్తోంది.

ఇది చిన్న విషయం కాదు. రౌటర్ ఆగినా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఆగవు కదా. వాటి దగ్గర పాత ప్రిఫిక్స్‌తో అడ్రస్ ఇంకా ఉంటుంది. 2007 నాటి ఆర్ఎఫ్‌సీ 4861 ప్రకారం రౌటర్ ప్రకటించే ప్రిఫిక్స్‌కు డిఫాల్ట్ గడువు ఎంతో తెలుసా? వాడుకోదగ్గ కాలం 7 రోజులు, చెల్లుబాటు 30 రోజులు. రౌటర్ వచ్చి "పాతది వాడకండి" అని సున్నా గడువుతో ప్రకటించేదాకా అవి ఆ అడ్రస్‌తోనే బయటికి వెళ్లబోతాయి. జవాబు తిరిగి రాదు. వైఫై ఫుల్, ఇంటర్నెట్ మాత్రం నత్తనడక. వైఫై ఆపి మళ్లీ వేస్తే బాగవుతుంది. మీలో చాలామంది ఈ రోగాన్ని చూసే ఉంటారు, పేరు తెలియక వైఫైని తిట్టి ఉంటారు.

2021లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9096 సరిగ్గా దీని గురించే. ఇంటి రౌటర్లు రీబూట్ అయ్యేటప్పుడు తమంతట తాము రిలీజ్ పంపకూడదని అందులో ఉంది. ప్రకటించే ప్రిఫిక్స్ వాడుకోదగ్గ కాలం 45 నిమిషాలు, చెల్లుబాటు 90 నిమిషాలు దాటకూడదని ఉంది. పంచిన ప్రిఫిక్స్‌ను మెమరీలో దాచుకుని, లేచాక మారితే పాతదాన్ని రద్దు చేస్తూ ప్రకటించాలనీ ఉంది. ఈ బాక్స్ గడువుల్ని పాటిస్తోంది, రద్దు ప్రకటన కూడా పంపుతోంది. నేను పట్టి చూశాను. అందుకే పాత అడ్రస్‌ల బాధ నాకు కొద్ది నిమిషాలకే తీరిపోయింది. ఇంత పని చేసినవాళ్లు రిలీజ్ దగ్గర మాత్రం డిఫాల్ట్‌గా టిక్కు పెట్టి ఉంచారు. అది కూడా ప్రిఫిక్స్ పేజీలో కాదు, వాన్, అడ్వాన్స్‌డ్, ఆపైన ఇంకో మెనూ లోపల. ఎందుకు? కంపెనీకి మెయిల్ రాశాను, తర్వాతి అప్‌డేట్‌లో చూస్తామన్నారు. చూడాలి, ఎందుకంటే ఈ పెట్టెను కొనేవాళ్లందరూ ప్యాకెట్లు పట్టి చూడరు.

వైఫై గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, మామూలుగా ఉంది. వేడెక్కుతుంది కానీ చేయి పెట్టలేనంత కాదు. మొబైల్ యాప్‌లో ప్రిఫిక్స్ పేజీ లేదు, బ్రౌజర్‌లోనే చూడాలి. వీటికి మార్కులు తగ్గించుకోవాలనుకుంటే తగ్గించుకోండి. వైఫై ఒక్కటే కావాలంటే ఇది మీ వస్తువు కాదు.

నా తీర్పు మాత్రం ఆ ఎర్ర గడి దగ్గరే తేలిపోయింది. పాత రౌటర్‌ను మళ్లీ తగిలించే ఉద్దేశం నాకు లేదు. రెండు మూడు వీల్యాన్‌లు పెట్టుకుని, ఐపీవీ6 వస్తోందో లేదో తెలియక టెన్షన్ పడేవాళ్లకు ఇది కొనమనే చెప్తాను. కొన్నవాళ్లు మొదటి రోజే వాన్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఆ రిలీజ్ టిక్కు తీసేయండి. ఆ తర్వాతే అప్‌డేట్ నొక్కండి.