ఒక్క గుర్తు కోసం పైథాన్‌లో అంత వాదన ఎందుకు జరిగింది?

[తెర మీద పెద్దగా: := ]

నమస్కారం. కోలన్, దాన్ని ఆనుకుని ఈక్వల్ టు. చూడటానికి వాల్రస్ అనే సముద్ర జంతువు కళ్లూ దంతాల్లా ఉంటుందని దీన్ని వాల్రస్ ఆపరేటర్ అంటారు. దీన్ని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేర్చాలా వద్దా అని 2018లో దాని డెవలపర్లు నెలల తరబడి వాదించుకున్నారు. చివరికి ప్రతిపాదన నెగ్గింది. కానీ దాన్ని నెగ్గించిన గీడో వాన్ రోసమ్, అంటే పైథాన్ సృష్టికర్తే, సారథ్యం వదులుకున్నారు.

ముందు ఇది చేసే పని చూద్దాం.

[తెర మీద కోడ్, తెలుగు లిపిలో]

వైల్ ట్రూ:
    ముక్క = ఫైల్.రీడ్(1024)
    ఇఫ్ నాట్ ముక్క:
        బ్రేక్
    ప్రాసెస్(ముక్క)

పెద్ద ఫైలును ముక్కలుగా చదివే లూప్ ఇది. ఎప్పుడు ఆగుతుందో మొదటి వరుస చెప్పదు. లోపలికి వెళ్లి, లూప్‌ను ఆపే బ్రేక్ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇప్పుడు ఇది చూడండి.

వైల్ ముక్క := ఫైల్.రీడ్(1024):
    ప్రాసెస్(ముక్క)

చదవడం, పేరు పెట్టడం, ఖాళీయా కాదా అని చూడటం, మూడూ ఒకే వరుసలో అయిపోయాయి.

మరి అభ్యంతరం ఏమిటి? సీ భాషలో ఇఫ్ లోపల రెండు ఈక్వల్ టులు పెట్టాల్సిన చోట ఒకటే పడితే, పోలిక జరగదు సరికదా విలువే మారిపోతుంది. పైథాన్ ఆ పొరపాటుకు మొదటినుంచీ చోటివ్వలేదు. ఎక్స్‌ప్రెషన్, అంటే విలువ లెక్కగట్టే కోడ్ ముక్క, మధ్యలో ఒక పేరుకు విలువ ఇవ్వడం కుదిరేది కాదు, అంతే. ఆ కట్టుబాటును ఇప్పుడు సడలించడం ఎందుకని చాలామంది నిలదీశారు. ఏ పనికైనా స్పష్టమైన దారి ఒకటే ఉంటే మేలన్న పైథాన్ సూత్రాన్నీ గుర్తుచేశారు. విశేషమేమిటంటే, ఆ సూత్రాలు రాసిన టిమ్ పీటర్స్ ఈ ప్రతిపాదన రచయితల్లో ఒకరు! మిగతా ఇద్దరు క్రిస్ ఏంజెలికో, గీడో.

వ్యతిరేకించినవారి ఆవేదన న్యాయమైనదే అంటాను. నచ్చని లైబ్రరీని, అంటే వేరేవారు రాసిపెట్టిన కోడ్‌ను, ఇంపోర్ట్ చేసుకోకుండా ఊరుకోవచ్చు. సింటాక్స్‌తో, అంటే భాష వ్యాకరణంతో, ఆ వీలు లేదు. మనం రాయకపోయినా, పక్కవారు రాసింది చదవక తప్పదు. ఒకసారి భాషలోకి వచ్చాక తీసేయడం దాదాపు అసాధ్యం.

ఆ వాదన వృథా పోలేదు కూడా. తొలి చిత్తుప్రతిలో ఇలా పెట్టిన పేరు ఆ ఒక్క స్టేట్‌మెంట్ వరకే పనిచేసేది. దాని కోసం కొత్త స్కోపు నియమాలు, అంటే ఏ పేరు ఎక్కడిదాకా చెల్లుతుందో చెప్పే నియమాలు, కావాలి. ఆ ఆలోచన విరమించుకున్నారు. ఈ గుర్తుకు బదులు 'యాజ్' వాడదామన్నారు కొందరు. కానీ 'విత్' పక్కన ఇప్పటికే 'యాజ్' ఉంది, అక్కడ దాని పని వేరు. చూడటానికి ఒకేలా ఉండి వేరేలా పనిచేస్తే అంతకంటే ప్రమాదం లేదు. అన్నిటికంటే నాకు నచ్చిన నిబంధన ఇది: మామూలు ఈక్వల్ టు సరిపోయే చోట, విడి వరుసగా, బ్రాకెట్లు లేకుండా ఈ గుర్తు రాస్తే పైథాన్ ఒప్పుకోదు. రెండు దారుల భయాన్ని చాలావరకు తీర్చింది అదే.

[తెర మీద: 2018 జూలై 12]

ప్రతిపాదనను ఆమోదించిన కొద్ది రోజులకే గీడో తన నిర్ణయం ప్రకటించారు. ఒక ప్రతిపాదన కోసం ఇంతగా పోరాడటం, చివరికి ఇంతమందికి తన నిర్ణయాలంటే అసహ్యమని తెలుసుకోవడం ఇక తన వల్ల కాదని రాశారు. వారసుణ్ణి నియమించలేదు. ఇకపై పద్ధతి ఏమిటో భాషను నిర్వహించే కోర్ డెవలపర్లే తేల్చుకోవాలన్నారు. ఇన్నేళ్లు తుది మాట ఒక్కరి మీదే పెట్టి, కోపమంతా ఆ ఒక్కరి మీదే కుమ్మరించడం అన్యాయమని నా అభిప్రాయం.

డిసెంబరులో ఓటింగ్ పెట్టి అయిదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ పద్ధతిని ఎంచుకున్నారు. 2019 అక్టోబరులో పైథాన్ 3.8తో వాల్రస్ అందరి చేతికీ వచ్చింది.

2020లో మరో పెద్ద సింటాక్స్ ప్రతిపాదన వచ్చింది, ప్యాటర్న్ మ్యాచింగ్, అంటే డేటా ఆకారాన్ని బట్టి ఏ కోడ్ నడవాలో ఎంచుకోవడం. దాని రచయితల్లో గీడో ఒకరు. అభ్యంతరాలు రావడంతో దాన్ని మూడు పత్రాలుగా తిరగరాశారు. 2021 ఫిబ్రవరిలో కౌన్సిల్ ఆమోదించింది. అప్పుడు గీడో కౌన్సిల్‌లో సభ్యుడు కూడా కారు.