బ్లాక్‌బర్డ్ దగ్గరే ఆగిపోకండి: ఉద్వార్-హాజీ విమానాల మ్యూజియం రివ్యూ

నమస్తే అండీ. వాషింగ్టన్ డీసీ చూడటానికి వచ్చిన మనవాళ్ళు చాలామంది నేషనల్ మాల్‌లో (షాపింగ్ మాల్ కాదండీ, ఊరి మధ్యలో చుట్టూ మ్యూజియాలున్న పెద్ద పచ్చిక మైదానం) ఉన్న ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం చూసేసి, ఫొటోలు దిగేసి, విమానాలన్నీ చూసేశాం అనుకుని వెళ్ళిపోతారు. పెద్ద పెద్ద విమానాలు అక్కడ పట్టవు కదా, అవన్నీ కారులో దాదాపు ముప్పావు గంట దూరంలో, వర్జీనియాలో డల్లెస్ ఎయిర్‌పోర్టు పక్కన షాంటిలీ అనే ఊళ్ళో ఉన్నాయి. దాని పేరు స్టీవెన్ ఎఫ్. ఉద్వార్-హాజీ సెంటర్. అదీ డీసీ మ్యూజియాన్ని నడిపే స్మిత్సోనియన్ సంస్థదే. 2003 డిసెంబర్‌లో, రైట్ సోదరులు ఎగిరి సరిగ్గా వందేళ్ళు అవుతుందనగా తెరిచారు. ఉద్వార్-హాజీ ఎవరంటే హంగేరీలో పుట్టి అమెరికా వచ్చి, విమానాలు కొని ఎయిర్‌లైన్స్‌కి లీజుకిచ్చే వ్యాపారంలో కోట్లు సంపాదించిన ఆయన, ఈ బిల్డింగ్‌కి ఆరు కోట్ల డాలర్లకు పైనే ఇచ్చాడు కాబట్టి పేరు ఆయనది.

ముందే ఒకటి చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోకుండా. రైట్ సోదరుల 1903 విమానం ఇక్కడ లేదు. లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానం కూడా లేదు. ఆ రెండూ డీసీలోని మ్యూజియానివే. ఆ మ్యూజియంకి ఏ టైమ్‌కి వస్తారో చెప్పి ఎంట్రీ పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఇక్కడికి ఆ గొడవ లేదు, నేరుగా వెళ్ళిపోవచ్చు.

సరే, లోపలికి రాగానే ఏం జరుగుతుందో చూడండి. ఎంట్రన్స్ దగ్గర తల ఎత్తితే ఎరుపు తెలుపు రంగుల్లో ఒక బుజ్జి విమానం తలకిందులుగా వేలాడుతుంటుంది. అది పిట్స్ స్పెషల్, బెట్టీ స్కెల్టన్ అనే ఆవిడ నడిపింది, 1949లో, 1950లో ఆకాశంలో విన్యాసాల పోటీలు గెలిచింది దీంతోనే. దాన్ని తలకిందులుగా పెట్టడమే కరెక్ట్, ఎందుకంటే అది ఎక్కువగా అలాగే ఎగిరింది మరి. కానీ దాన్ని చూసేవాళ్ళు ఎవరండీ? అందరి కళ్ళూ దానికి ఎదురుగా, కింద నల్లగా పడుకుని ఉన్న దాని మీదకే పోతాయి.

అదే ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్. నిజం చెప్పాలంటే నేనూ మొదట దాని దగ్గరికే పరిగెత్తాను. గూఢచారి విమానం, ధ్వనికి మూడు రెట్లకు పైగా వేగం, భూమికి దాదాపు 26 కిలోమీటర్ల ఎత్తులో ఎగిరేది. ఈ మ్యూజియంలో ఉన్న విమానం గురించి ప్రత్యేకంగా చెప్పాల్సింది దాని చివరి ప్రయాణం. 1990 మార్చి 6న లాస్ ఏంజెలస్ నుంచి వాషింగ్టన్‌కి 1 గంటా 4 నిమిషాల 20 సెకన్లలో వచ్చేసింది, అంటే సగటున గంటకు 3,400 కిలోమీటర్ల పైచిలుకు. వచ్చి డల్లెస్‌లో దిగింది, అంతే, స్మిత్సోనియన్‌కి అప్పగించేశారు. రికార్డు కొట్టి అదే రోజు రిటైర్ అవ్వడం, అబ్బా, ఏం స్టైలు! ఇంకో సంగతి, ఆ వేగంలో గాలి రాపిడికి విమానం ఒళ్ళంతా వేడెక్కి వ్యాకోచించేది, అందుకని అతుకుల దగ్గర కొంచెం సందులు వదిలి కట్టారు, దాంతో నేల మీద ఉన్నప్పుడు ఇంధనం బొట్లు బొట్లుగా కారుతూ ఉండేది. తయారీకి ఎక్కువగా వాడింది టైటానియం. ఆ టైటానియంలో కొంత సోవియట్ యూనియన్ నుంచే డొల్ల కంపెనీల పేరుతో కొన్నారు. ఎవరి మీద నిఘా పెట్టడానికి ఈ విమానం కట్టారో వాళ్ళ దగ్గరే సరుకు కొన్నారన్నమాట.

ఫొటో తీసేవాళ్ళకి ఒక మాట. నల్ల విమానం, పైన లైట్లు మసక, ఫోన్ కెమెరాలో అంతా బొగ్గు ముద్దలా వస్తుంది. పైన నడవాల మీదకి ఎక్కి ఎదురుగా నిలబడి తీస్తే కొంచెం నయం.

ఇక రెండో ప్రపంచ యుద్ధం వైపు వస్తే, నాకు బాగా నచ్చింది జపాన్ వాళ్ళ సెయిరాన్. ఇది జలాంతర్గామిలో దాచుకుని తీసుకెళ్ళే బాంబర్. అవునండీ, సబ్‌మెరైన్ లోపల విమానం! ఐ-400 తరగతి జలాంతర్గాముల మీద దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పున్న గొట్టం లాంటి హ్యాంగర్ ఉండేది, అందులో పట్టడానికి ఈ విమానం రెక్కలు తిరిగి వెనక్కి మడుచుకుంటాయి. పనామా కాలువ మీద దాడి చేద్దామని ప్లాన్ వేశారు, తర్వాత టార్గెట్ మార్చారు, ఆ లోపల యుద్ధమే అయిపోయింది. ప్రపంచంలో మిగిలింది ఇదొక్కటే. దగ్గర్లోనే జర్మన్లవి ఆరాడో 234 జెట్ బాంబర్, ముందొక ఇంజన్ వెనకొక ఇంజన్ ఉన్న డోర్నియర్ 335 ఉంటాయి, అవి కూడా ఆ రకంలో మిగిలినవి ఒక్కోటే. ఓడిన దేశాల విమానాలు గెలిచినవాళ్ళ మ్యూజియంలో ఎందుకున్నాయంటే, యుద్ధం ముగియగానే వాటి టెక్నాలజీ ఏంటో చూద్దామని అమెరికా వాళ్ళు పట్టుకొచ్చారు కాబట్టి.

మిగ్-21 కూడా ఉంది, పెద్ద హడావిడి ఏమీ లేకుండా నిలబెట్టారు. మన వాయుసేనలోకి 1963లో వచ్చి, 2025 సెప్టెంబర్‌లో చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న కుటుంబమే ఇది. ఇక్కడున్నది మాత్రం తొలి రకాల్లో ఒకటి. మనవాళ్ళు అక్కడ కాసేపు ఆగకుండా వెళ్ళరు లెండి.

ఇప్పుడు ఎనోలా గే. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసిన బీ-29 విమానం. నకలు కాదు, నమూనా కాదు, అదే విమానం. పైలట్ పాల్ టిబెట్స్ తన తల్లి పేరు పెట్టాడు దానికి. అద్దంలా మెరిసేలా పాలిష్ చేసి పెట్టారు, 43 మీటర్ల రెక్కలు, దాని కింద నీడలో వేరే విమానాలు నిలబడి ఉంటాయి. దీన్ని బాగు చేయడానికి దాదాపు 3 లక్షల పనిగంటలు పట్టిందంటారు. 1995లో దీని ముందు భాగాన్ని డీసీలో ప్రదర్శనకి పెట్టబోతే, బాంబు వేయడం అవసరమా కాదా అన్న చర్చ ఎంత పెద్ద రభస అయిందంటే మ్యూజియం డైరెక్టర్ మార్టిన్ హార్విట్ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ దెబ్బకి 2003లో ఇక్కడ మొత్తం విమానం పెట్టినప్పుడు బోర్డు మీద ఎక్కువగా ఇంజన్లు, తయారీ, సామర్థ్యం లాంటి సాంకేతిక సంగతులే రాశారు. చనిపోయినవాళ్ళ లెక్క లేదేంటని చరిత్రకారులు, బాంబు నుంచి బతికి బయటపడ్డ జపనీయులు అప్పుడే అభ్యంతరం చెప్పారు. 1945 చివరికి హిరోషిమాలో దాదాపు 1,40,000 మంది చనిపోయారని ఆ నగరం అంచనా. నా అభిప్రాయం అడిగితే, ఆ అంకె అక్కడ ఉండాలి. లోపల గాలి పీడనం నిలిపే ప్రెషర్ క్యాబిన్ గురించి రాయడానికి చోటున్నప్పుడు దానికి చోటు లేకపోవడం ఏంటి? పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఈ ఒక్క విమానం గురించి ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్ళండి, బోర్డు మీద వదిలేయకండి.

ఇక్కడిదాకా చూసి చాలామంది వెనక అంతరిక్ష నౌక ఉన్న స్పేస్ హ్యాంగర్‌లోకి వెళ్ళిపోతారు. మధ్యలో ప్రయాణికుల విమానాలు ఉంటాయి, వాటిని నడుస్తూ నడుస్తూ చూసేస్తారు. ఈ వీడియో చేయడానికి అసలు కారణం అదే. నాకైతే ఈ మ్యూజియం మొత్తంలో కథలున్న మూల అది.

వెండిలా మెరిసిపోతూ, కాస్త లావుగా ఉన్న నాలుగు ఇంజన్ల విమానం కనిపిస్తుంది చూడండి, అది బోయింగ్ 307 స్ట్రాటోలైనర్. 1940లో సర్వీసులోకి వచ్చింది. క్యాబిన్‌లో గాలి పీడనం నిలిపి ఉంచగలిగిన మొదటి ప్రయాణికుల విమానం ఇదే, అంటే మేఘాలకి పైన, కుదుపులు తక్కువగా ఉండే ఎత్తులో జనాన్ని కూర్చోబెట్టి తీసుకెళ్ళగలిగింది. ఇవాళ మనం ఏ విమానం ఎక్కినా ఆ సౌకర్యాన్ని గమనించను కూడా గమనించం. మొత్తం కట్టింది పదే, మిగిలింది ఇదొక్కటి. పాన్ ఆమ్ అనే ఎయిర్‌లైన్‌లో తిరిగింది, ఒకప్పుడు హైతీ నియంత డువాలియే దగ్గర కూడా ఉంది. తర్వాత పాడుబడిపోతే సియాటిల్‌లో ఏళ్ళ తరబడి కష్టపడి మళ్ళీ ఎగిరేలా చేశారు. ఇక మ్యూజియంకి పంపిద్దాం అనుకుంటుండగా, 2002 మార్చిలో ఒక టెస్ట్ ఫ్లైట్‌లో ఇంధనం అయిపోయి సియాటిల్ పక్కన సముద్రపు నీళ్ళలో దిగిపోయింది! లోపల ఉన్న నలుగురూ క్షేమంగా బయటపడ్డారు. ఉప్పునీళ్ళలోంచి లాగి, మళ్ళీ మొదటి నుంచి బాగు చేసి, 2003లో ఎగురుకుంటూనే ఇక్కడికి తీసుకొచ్చారు. ఆ ఓపికకి దండం పెట్టాలి.

దాని దగ్గర్లోనే పసుపు, గోధుమ రంగుల్లో ఒక పాత జెట్ ఉంది, పేరు డాష్ 80. చూడటానికి ఏ ప్రత్యేకతా కనిపించదు, మామూలు జెట్ విమానంలానే ఉందే అనిపిస్తుంది. ఎందుకు అలా అనిపిస్తుందంటే తర్వాత వచ్చినవన్నీ దీన్ని చూసి వచ్చినవే కాబట్టి. 1954 జూలైలో మొదటిసారి ఎగిరింది. ఆర్డరు ఒక్కటి కూడా చేతిలో లేకుండా బోయింగ్ తన సొంత డబ్బు 1.6 కోట్ల డాలర్లు పెట్టి కట్టింది. 1955 ఆగస్టులో సియాటిల్‌లో ఒక సరస్సు దగ్గర పడవ పందేలు జరుగుతుంటే, ఎయిర్‌లైన్స్ పెద్దలంతా చూస్తుండగా టెస్ట్ పైలట్ టెక్స్ జాన్స్‌టన్ ఈ విమానాన్ని గాలిలో గిరగిరా పొర్లించాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. కంపెనీ ప్రెసిడెంట్ బిల్ ఆలెన్ గుండె ఆగినంత పనైంది. మరుసటి రోజు పిలిచి ఏంటిది అని అడిగితే, విమానాలు అమ్ముతున్నానండీ అన్నట్టుగా సమాధానం చెప్పాడట. దీని నుంచే బోయింగ్ 707 ప్రయాణికుల జెట్ వచ్చింది, 1960లో ఎయిర్ ఇండియాని జెట్ యుగంలోకి తెచ్చింది ఆ 707లే. ఇంకో చిన్న విషయం, వరసకి ఆరుగురు పట్టేలా 707 కోసం క్యాబిన్‌ని డాష్ 80 కంటే వెడల్పు చేశారు కదా, ఆ వెడల్పే ఇప్పటి 737లకి కూడా ఉంది. కాబట్టి మధ్య సీటులో ఇరుక్కుని ప్రయాణం చేసినప్పుడు ఎవరిని తిట్టుకోవాలో మీకు తెలిసింది.

ధ్వనిని మించిన వేగంతో ప్రయాణికుల్ని మోసిన కాంకార్డ్ గురించి చెప్పక్కర్లేదు, అది తెల్లగా, పొడుగ్గా అందరికీ కనిపిస్తుంది. ఇది ఎయిర్ ఫ్రాన్స్‌ది, 1976లో పారిస్ నుంచి రియోకి సర్వీసు మొదలుపెట్టిన విమానమే, మొత్తం 17,824 గంటలు ఎగిరి 2003 జూన్‌లో ఇక్కడికి వచ్చింది. కిటికీలు చూడండి, ఎంత చిన్నవో. ధ్వనికి రెట్టింపు వేగంతో పోతుంటే ఒళ్ళు వేడెక్కి విమానం కొన్ని అంగుళాలు సాగేది. ల్యాండింగ్‌లో పైలట్‌కి రన్‌వే కనిపించాలని ముక్కు కిందకి వంచేవాళ్ళు. ఎయిర్ ఇండియా కూడా ఒకప్పుడు రెండు కాంకార్డ్‌ల కోసం ఆప్షన్ పెట్టుకుంది, అంటే కావాలంటే కొనుక్కునేలా ముందే మాట తీసుకుంది, తర్వాత వదులుకుంది. పెద్ద చప్పుడు వల్ల నేల మీదుగా ఆ వేగంతో పోనివ్వకపోవడం, ఇంధనం మండిపోయే ఖర్చు చూస్తే, వదులుకోవడమే మంచిదైంది. లోపలికి మాత్రం వెళ్ళనివ్వరు. ఏ విమానంలోకీ వెళ్ళనివ్వరు, ఈ మ్యూజియంతో నాకున్న పెద్ద పేచీ ఇదే. కాంకార్డ్ పక్కన నిలబడి సీట్లు ఎలా ఉంటాయో చూడలేకపోవడం నాకైతే చిరాకేసింది.

అక్కడే ఫెడెక్స్ వాళ్ళ చిన్న జెట్ ఒకటి ఉంది, పేరు వెండీ, 1973 ఏప్రిల్‌లో ఆ కంపెనీ మొదటి పార్సిల్ మోసింది అదే. ఒక్క నిమిషం ఆగి చూడండి చాలు.

స్పేస్ హ్యాంగర్‌లో ఉన్నది నాసా వాళ్ళ అంతరిక్ష నౌక, డిస్కవరీ షటిల్. 39 సార్లు అంతరిక్షంలోకి వెళ్ళొచ్చింది, అన్నీ కలిపితే 365 రోజులు. 1990లో హబుల్ టెలిస్కోప్‌ని తీసుకెళ్ళింది, 2006 డిసెంబర్‌లో సునీతా విలియమ్స్ మొదటిసారి పైకి వెళ్ళింది కూడా ఇందులోనే. నాకు నచ్చింది ఏంటంటే దీన్ని కడిగి కొత్తదానిలా చేయలేదు, ఒంటి మీద వేడి తట్టుకునే పలకల మీద కాలిన మరకలు, గీతలు అలాగే ఉన్నాయి. వెనక కనిపించే ఇంజన్లు మాత్రం అసలువి కావు, అసలువి నాసా తన తర్వాతి రాకెట్ కోసం తీసి దాచుకుంది. దీన్ని హ్యూస్టన్‌కి తరలించాలని టెక్సాస్ సెనేటర్లు 2025లో గట్టిగా పట్టుబట్టారు, స్మిత్సోనియన్ వద్దంటోంది. చూడాలనుకునేవాళ్ళు వాయిదా వేయకుండా చూసేయండి.

ఇక ఖర్చు, సౌకర్యాల సంగతి. ఎంట్రీ ఫ్రీ, పార్కింగ్‌కే డబ్బులు, నేను వెళ్ళినప్పుడు కారుకి 15 డాలర్లు, సాయంత్రం 4 దాటాక తీసుకోరు, కానీ 5:30కి మూసేస్తారు కాబట్టి ఆ ఆశతో వెళ్తే సగం కూడా చూడలేరు. కారు లేకపోతే డల్లెస్ ఎయిర్‌పోర్టు నుంచి ఫెయిర్‌ఫాక్స్ కనెక్టర్ 983 బస్సు ఉంది, ఫ్లైట్ మధ్యలో నాలుగైదు గంటల ఖాళీ ఉన్నవాళ్ళకి ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు. బోర్డుల మీద రాసింది చాలా పొదుపుగా ఉంటుంది, అందుకని ఉచితంగా తిప్పే వాలంటీర్ గైడ్‌లతో వెళ్ళండి, వాళ్ళలో పాత పైలట్లు కూడా ఉంటారు, ఒక ప్రశ్న అడిగితే పది సంగతులు చెప్తారు. పై అంతస్తు నుంచి పాత విమానాలు బాగుచేసే వర్క్‌షాప్ కనిపిస్తుంది, వారాంతంలో అక్కడ పనివాళ్ళు ఉండకపోవచ్చు కాబట్టి వీలైతే మామూలు రోజు చూసుకోండి. టవర్ ఎక్కితే డల్లెస్‌లో దిగే విమానాలు కనిపిస్తాయి, పిల్లలు అక్కడ నుంచి కదలరు.

నా రేటింగ్ 5కి 4.5. ఆ అర మార్కు బోర్డులకి, కాంకార్డ్ మూసిన తలుపులకి కోశాను. మీరు వెళ్ళి ఉంటే ఏ విమానం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారో కామెంట్‌లో రాయండి, బ్లాక్‌బర్డ్ అని మాత్రం రాయకండి.