మూత్రపిండాలు ఎందుకు దెబ్బతింటాయి?

శ్రోతలకు నమస్కారం.

నడుము నొప్పి రాగానే కిడ్నీలు చెడిపోయాయేమోనని బెంగపడేవారు మనలో చాలామంది ఉన్నారు. పదేళ్లుగా షుగరు ఉన్నా, ఎక్కడా నొప్పి లేదు కనుక తమ కిడ్నీలకు ఏ లోటూ లేదని నిశ్చింతగా ఉండేవారూ ఉన్నారు. నా దిగులంతా ఈ రెండోవారి గురించే. కిడ్నీలో రాయి కదిలినప్పుడో, ఇన్ఫెక్షన్ సోకినప్పుడో నొప్పి తెలుస్తుంది గాని, ఏళ్ల తరబడి కిడ్నీని క్షీణింపజేసే జబ్బులు చాలావరకు ఏ నొప్పీ పుట్టించవు.

వెన్నెముకకు అటూ ఇటూ, పిడికిలంత పరిమాణంలో, ఒక్కొక్కటి సుమారు 150 గ్రాముల బరువుండే ఈ చిన్న అవయవాలకు, గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు చేరుతుంది. ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లు అనే అతి చిన్న వడపోత భాగాలు సుమారు 10 లక్షలు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో ఉండే అతి సన్నని రక్తనాళాల చుట్ట జల్లెడలా పనిచేసి, రక్తకణాలను, ప్రోటీన్లను పైనే ఆపి, నీటిని, లవణాలను, యూరియా, క్రియాటినిన్ వంటి వ్యర్థాలను కిందికి వదులుతుంది. ఇలా రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం వడకట్టబడుతుంది. అందులో శరీరానికి కావలసినదంతా నెఫ్రాన్ గొట్టాలు తిరిగి రక్తంలోకి తీసుకోగా, చివరకు మిగిలే లీటరున్నర, రెండు లీటర్లే మూత్రం. వడపోతతోనే వీటి పని తీరదు. రక్తపోటును అదుపులో ఉంచడం, ఎర్రకణాల తయారీకి అవసరమైన హార్మోన్‌ను విడుదల చేయడం, విటమిన్ డి ని ఎముకలకు పనికివచ్చే రూపంలోకి మార్చడం కూడా కిడ్నీలే చేస్తాయి. కిడ్నీ జబ్బు ముదిరినవారు రక్తహీనతతో పాలిపోవడానికి, వారి ఎముకలు బలహీనపడటానికి కారణం ఇదే.

ఈ జబ్బులకు మొదటి కారణం మధుమేహం, రెండోది అధిక రక్తపోటు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే వడపోత రక్తనాళాల గోడలు దెబ్బతిని, పైన ఆగవలసిన అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారడం మొదలవుతుంది. ఈ దశలో మనిషికి ఏమీ తెలియదు. కాళ్ల వాపు, ఆయాసం, ఆకలి మందగించడం కనిపించేసరికి చాలా నెఫ్రాన్లు శాశ్వతంగా పోయి ఉంటాయి. అధిక రక్తపోటు కిడ్నీని పాడుచేస్తుంది. పాడైన కిడ్నీ రక్తపోటును మరింత పెంచుతుంది. ఇంత తెలిసినా, షుగరు మాత్రలు, బీపీ మాత్రలు వాడితే కిడ్నీలు పోతాయన్న భయంతో వాటిని మానేసి, ఏం కలిపారో తెలియని పసరు మందులను, భస్మాలను నమ్ముకునేవారిని చూస్తే ఎంతో బాధ కలుగుతుంది. కిడ్నీలను దెబ్బతీసేది అదుపు తప్పిన షుగరు, బీపీలే. పైగా కొన్ని రకాల బీపీ మందులు వడపోత నాళాల మీద ఒత్తిడి తగ్గించి, మూత్రంలో ప్రోటీన్ పోకుండా కాపాడతాయి.

నిజంగా జాగ్రత్తపడవలసింది నొప్పి మాత్రలతో. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా దాని నాళాలను తెరిచి ఉంచే సహజ పదార్థాలను డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు అణచివేస్తాయి. అందుకే ఎండలో పనిచేసి వచ్చి, ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి రోజూ వేసుకునే మాత్ర ప్రమాదకరం. వాంతులు, విరేచనాలతో నీరసించినప్పుడు, పాము కాటు వేసినప్పుడు కూడా కిడ్నీలు హఠాత్తుగా పనిచేయడం మానేయవచ్చు. అయితే వెంటనే చికిత్స అందితే ఇలాంటివారిలో చాలామంది కోలుకుంటారు. రాళ్లు గాని, పెరిగిన ప్రోస్టేట్ గ్రంథి గాని మూత్రం దారికి అడ్డుపడినా, ఆ ఒత్తిడి కిడ్నీని పాడుచేస్తుంది.

ఇక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో, కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య బతికే ఎందరికో షుగరు, బీపీ లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి. ఇక్కడ జబ్బు ప్రధానంగా నెఫ్రాన్ గొట్టాలకు, వాటి చుట్టూ ఉన్న కణజాలానికి పడుతుంది. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కనిపించే జబ్బు కూడా ఇలాంటిదే. ఎండలో శ్రమించి ఒంట్లో నీరు ఎండిపోవడం, భూగర్భ జలాల్లోని సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్య లక్షణాలు, వీటన్నిటినీ పరిశోధకులు అనుమానిస్తున్నారు గాని, ఏ ఒక్కదానినీ అసలు కారణంగా ఇంతవరకు నిరూపించలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఆ ఊళ్లకు తాగునీరు ఇచ్చే పథకం కూడా వచ్చింది. మంచినీరు ఎంతో అవసరం. తోటల్లో పనిచేసేవారికి మధ్యాహ్నపు ఎండలో విశ్రాంతి, నీడ, పనిచోటనే తాగునీరు ఉండేలా చూడటం కూడా అంతే అవసరమని నా అభిప్రాయం.

ముందుగా కనిపెట్టడానికి రెండు మామూలు పరీక్షలు చాలు: మూత్రంలో అల్బుమిన్ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష. షుగరు, బీపీ ఉన్నవారు, కుటుంబంలో కిడ్నీ జబ్బు ఉన్నవారు ఏడాదికి ఒకసారి ఈ రెండూ చేయించుకోవాలి. వీటికి పరగడుపున వెళ్లనవసరం లేదు. వడపోత సామర్థ్యం సగానికి సగం తగ్గేదాకా క్రియాటినిన్ అంకె మామూలుగానే కనిపించవచ్చు. క్రియాటినిన్ కండల నుంచి పుడుతుంది కనుక, కండ తక్కువగా ఉండే వృద్ధుల్లో అది మరీ మోసపుచ్చుతుంది. కాబట్టి వయసును కూడా లెక్కలోకి తీసుకుని జీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత వేగాన్ని తెలిపే అంకె, ఎంతో చెప్పమని వైద్యుణ్ణి అడగండి. అది 60 కంటే తక్కువ ఉంటే కంగారుపడకుండా, వైద్యుడు చెప్పిన వ్యవధిలో మళ్లీ పరీక్ష చేయించుకోండి. 3 నెలలు దాటినా అలాగే ఉంటే దానిని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా పరిగణించి చికిత్స మొదలుపెడతారు.