ప్రోటాన్ కోసం కాచుకున్న నీళ్ల తొట్టి

అందరికీ నమస్కారం.

మౌలిక భౌతికశాస్త్రం ఎక్కడో చిక్కుకుపోయిందా? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేను. మౌలిక కణాలనూ, గురుత్వాకర్షణ తప్ప వాటి మధ్య ఉండే బలాలనూ వివరించే సిద్ధాంతం, స్టాండర్డ్ మోడల్, 1970ల్లోనే ఒక రూపానికి వచ్చింది. మౌలిక కణాలకు ద్రవ్యరాశి ఎలా వస్తుందో వివరించేందుకు 1964లో ఊహించిన హిగ్స్ కణం 2012లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో దొరికింది. దాని వెనకే మరిన్ని కొత్త కణాలు వస్తాయని చాలామంది నమ్మారు. తెలిసిన ప్రతి కణానికీ ఒక జంట కణం ఉండాలనే సూపర్‌సిమెట్రీ సిద్ధాంతం చెప్పిన కణాల్లో ఇంతవరకు ఒక్కటీ కనబడలేదు.

తేలని ప్రశ్నలకు మాత్రం కొదవ లేదు. కంటికి కనబడకుండా గురుత్వాకర్షణతోనే తన ఉనికిని తెలిపే కృష్ణపదార్థం దేనితో తయారైందో తెలియదు. గురుత్వాకర్షణ క్వాంటం సిద్ధాంతంలో ఇంకా ఇమడలేదు. నా దృష్టిలో చిక్కుకుపోయింది మన ఊహ. హిగ్స్ బరువు ఇంత తక్కువగా ఉందంటే దాని దగ్గర్లోనే కొత్త కణాలుండాలన్న వాదన ఎంతో అందమైనది. ప్రకృతి ఆ వాదనను ఇప్పటిదాకా సమర్థించలేదు.

ఇక్కడ మీకు కమియోకాండే కథ చెప్పాలి. 1983లో జపాన్‌లోని ఒక గనిలో, కొండ కింద, 3,000 టన్నుల నీళ్లతో ఒక తొట్టి కట్టారు. గురుత్వాకర్షణ తప్ప మిగతా బలాలన్నీ మూలంలో ఒక్కటేనని చెప్పే మహా ఏకీకరణ సిద్ధాంతాల ప్రకారం ప్రోటాన్ ఎప్పుడో ఒకప్పుడు విచ్ఛిన్నం కావాలి, అది చూడాలన్నది లక్ష్యం. ఒక్క ప్రోటాన్ కూడా విచ్ఛిన్నం కాలేదు. అప్పుడా బృందం తొట్టిని మూసేయలేదు, సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలను, అంటే దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే అతి చిన్న కణాలను, పట్టుకునేలా దాన్ని మెరుగుపరిచింది. ఆ పని ముగిసిన కొద్దికాలానికే, 1987 ఫిబ్రవరి 23న, పొరుగు గెలాక్సీలో పేలిన నక్షత్రం నుంచి వచ్చిన న్యూట్రినోలు అందులో చిక్కాయి. పట్టుమని పన్నెండు కూడా లేవు! అదృష్టం ఉంది, నిజమే. కానీ తొట్టి సిద్ధంగా లేకపోతే ఆ అదృష్టం ఎవరికీ తెలియకుండా భూమిలోంచి దూసుకుపోయేది. దాని వారసురాలు సూపర్ కమియోకాండే, 50,000 టన్నుల నీళ్లతో, న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉందని 1998లో చూపింది. స్టాండర్డ్ మోడల్ మొదట్లో అలా అనుకోలేదు.

కాబట్టి యువ పరిశోధకులకు నా విన్నపం ఇది. ఒక్క సిద్ధాంతం కోసమే పరికరం కట్టకండి. ఏదీ కనబడలేదన్న ఫలితాన్ని తలెత్తుకుని ప్రచురించండి, సరళమైన మహా ఏకీకరణ సిద్ధాంతాన్ని పక్కన పెట్టించింది అలాంటి ఫలితమే. సిద్ధాంతకర్తలైతే, ఏది కనబడకపోతే మీ ఊహను వదులుకుంటారో ముందే రాసిపెట్టండి. ఇది కష్టం, జీవితమంతా ఒకే ఆలోచన మీద గడిపినవాళ్లకు మరీ కష్టం. గదిలో పట్టే ప్రయోగాలను చిన్నచూపు చూడకండి. ఎలక్ట్రాన్ విద్యుదావేశం ఏ మాత్రమైనా ఒక పక్కకు ఒరిగిందేమోనని కొలిచేవాళ్లు, పెద్ద యంత్రాలకు కూడా అందనంత బరువైన కణాల జాడ వెతుకుతున్నారు.

ఇప్పుడు జపాన్‌లో హైపర్ కమియోకాండే కడుతున్నారు. సుమారు 2,60,000 టన్నుల నీళ్లు. న్యూట్రినోలతో పాటు, అందులో ప్రోటాన్ కోసం కూడా మళ్లీ కాచుకుని ఉంటారు.